లారీ స్పీడు పెంచాక

12 జులై 2015

నాన్న ఈ రోజు ఎడం చేత్తో లారీ నడిపాడు. కంప్యూటర్లోనే, ఆటలోనే. అయినా నడిపాడు.

పక్షవాతం వచ్చి రెండు నెలలు దాటింది. కాలు బాగానే తేరుకుంది, మాట ఎప్పుడూ పోలేదు. ఎడం చెయ్యి ఒక్కటే మొండికేసింది. విజయనగరంలో ఫిజియోథెరపీ చేసే అనూరాధ మేడమ్ మెత్తటి బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. నాన్న దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు. "నానేటి సిన్నపిల్లోణ్ణా, బంతాట ఆడ్డానికి?" అని అమ్మ మీద కేకలు. మొన్న వెళ్ళినప్పుడు మేడమ్‌ని ఊరికే అడిగాను, కంప్యూటర్ కీలు నొక్కినా పనికొస్తుందా అని. "వేళ్ళు కదిలే పని ఏదైనా మంచిదేనమ్మా. ఆయనకి ఇష్టమైనదైతే ఇంకా మంచిది" అన్నారు.

నాన్నకి ఇష్టమైనది ఒక్కటే, బండి. కళింగపట్నం ఒడ్డున తెల్లారగట్ల మా చిన్న లారీలో చేపలు ఎక్కించుకుని మా రాజాం బజారుకీ, అక్కణ్ణుంచి బొబ్బిలికీ నాన్న బండి తోలడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అందుకని డిగ్రీలో ఉన్నప్పుడు నేను ఎక్కించుకున్న పాత లారీ ఆట తెరిచాను. మా కంప్యూటర్ అప్పట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లారీ జీడిపాకంలో ఈదుతున్నట్టు కదిలింది. చూస్తుంటే నాకే విసుగొచ్చింది గానీ నాన్నకి రాలేదు. కుడిచేత్తో ఎడం చెయ్యి ఎత్తి కీల మీద పెట్టుకున్నాడు. ముందు స్తంభాన్ని గుద్దాడు, తర్వాత గోడని. అమ్మ బజార్లో చేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓలమ్మా, ఇంటికాడ కూడా బండేనేటి!"

నాన్న నవ్వాడు. మే నెల తర్వాత నాన్న నవ్వడం ఇదే మొదటిసారి.

19 జులై

మలుపు తిరిగాడు. గుద్దకుండా.

"ఒసే దేవీ, ఈ లారీ సెప్పిన మాట వింటందే" అన్నాడు.

మంచం కింది బంతి తనే తీయించుకున్నాడు. ఆటకి ముందు వేళ్ళు వేడెక్కాలట.

2 ఆగస్టు

విజయనగరం వెళ్ళొచ్చాం. చూపుడు వేలూ మధ్య వేలూ విడివిడిగా కదులుతున్నాయని మేడమ్ చాలా సంతోషించారు. "అసిరయ్యగారూ, ఈ ఆరు నెలలే ముఖ్యం. ఇప్పుడు ఎంత కదిలిస్తే చెయ్యి అంత మీ మాట వింటుంది. బిగుసుకుపోయాక మేం చేయగలిగింది తక్కువ" అన్నారు.

"గేరు ఎప్పుడు మార్చగలను మేడమ్ గారూ?"

"ముందు మంచినీళ్ళ గ్లాసు పట్టుకోండి. గేరు సంగతి తర్వాత."

బస్సులో నాన్న నా చెవిలో అన్నాడు, "కార్తీకానికి బండి నానే తోల్తాను. నరసింగరావుకి ఇప్పుడే సెప్పకు, పాపం మనసు కష్టపెట్టుకుంటాడు." నాన్న పడిపోయినప్పటి నుంచీ జీతానికి మా బండి తోలుతున్నది నరసింగరావే.

9 ఆగస్టు

మేనత్త కొడుకు ధర్మేంద్ర బావ వచ్చాడు. రాజాంలోనే కంప్యూటర్ షాపు. నాన్న వెనకాల నిలబడి ఆట చూసి పకపకా నవ్వాడు.

"ఏటే దేవీ, ఇది లారీయా, నత్తా? కంప్యూటర్లు సదివినదానివి, ఇంట్లో దీన్ని ఇలగ ఉంచినావేటి?"

నాకు తల తీసేసినట్టయింది. బావ పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్ళాడు. అందులో గేమ్ బూస్టర్లు ఉన్నాయట. ఆట ఆడేటప్పుడు వెనకాల నడిచే అనవసరమైనవన్నీ ఆపేసి, కంప్యూటర్ బలమంతా ఆటకే ఇచ్చే ప్రోగ్రాములు. కాలేజీ కుర్రాళ్ళు వీటి కోసం షాపు చుట్టూ తిరుగుతున్నారట. "నువ్వు నేర్సుకో. బాగా వస్తే షాపులో ఆ పని నీకే" అన్నాడు.

డిగ్రీ అయ్యి ఏడాది దాటింది. ఒకరు పిలిచి పనిస్తాననడం ఇదే మొదలు.

నాన్న తెర మీంచి కళ్ళు తిప్పకుండా "నాకిదే బాగున్నాది అల్లుడూ" అన్నాడు. నాన్నకేం తెలుసు! మంచి స్పీడు ఎప్పుడైనా చూస్తే కదా.

11 ఆగస్టు

బూస్టర్‌లో బండి మీటరు లాంటిది ఒకటుంది. నొక్కగానే ముల్లు ఎరుపులోంచి పచ్చలోకి వచ్చి, కంప్యూటర్ వేగం పెరిగిందని రాస్తుంది. ఆ ముల్లు కదలడం చూస్తే ఏదో సాధించినట్టుంటుంది.

సాధించింది కొంచెమే. లారీ ఇంకా ఈడుస్తూనే ఉంది.

12 ఆగస్టు

ఆట తెర మీద సెకనుకి పద్నాలుగు బొమ్మలు వేసేది, ఇప్పుడు పంతొమ్మిది వేస్తోంది.

16 ఆగస్టు

అయిపోయింది! బావ షాపు నుంచి పాత ర్యామ్ ముక్క ఒకటి తెచ్చి పెట్టాను. ఆటలో నీడలు తీసేశాను, విండోస్ సోకులన్నీ ఆపేశాను, రెండో బూస్టర్ వేశాను. లారీ హైవే మీద పోయినట్టు పోతోంది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను, నిజంగానే. పెరట్లో ఉన్న నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"నాన్నా, సూడు! ఎలగ పరిగెడతందో సూడు!"

నాన్న కాసేపు లారీ వైపు చూశాడు, కాసేపు నా వైపు చూశాడు. "ఓ, బాగా పరిగెడతందే" అన్నాడు. కూర్చుని ఆడాడు. మొదటి మలుపులోనే గోడకి కొట్టాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే.

"కొత్త గదా నాన్నా. అలవాటవుతాదిలే."

"అవుతాది, అవుతాది" అన్నాడు.

బావకి ఫోన్ చేశాను. గురువారం నుంచి షాపుకి రమ్మన్నాడు.

20 ఆగస్టు

షాపులో మొదటి రోజు. బయట బోర్డు పెట్టారు: పాత కంప్యూటర్‌కి కొత్త స్పీడు. అది నా బోర్డే.

23 ఆగస్టు

నాన్నకి తలనొప్పట. ఆడలేదు.

26 ఆగస్టు

ఈ రోజూ ఆడలేదు. ఎండ ఎక్కువగా ఉంది, గదిలో ఉక్క.

30 ఆగస్టు

ఎండేమీ లేదు, పొద్దుటి నుంచీ ముసురే. నాన్నా ఆడు అంటే, "వారమంతా కష్టపడి వచ్చేవు. కంప్యూటర్ నువ్వే సూసుకో" అన్నాడు. పాపం నా గురించే ఆలోచిస్తాడు. రెండు గంటలు కూర్చుని కొత్త బూస్టర్ పరీక్షించాను. మునుపటిదానికంటే నయం.

ఒకే లారీ, ఒకే రోడ్డు. ఎవరికైనా విసుగొస్తుంది.

6 సెప్టెంబర్

షాపు కిటకిటలాడుతోంది. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని వస్తున్నారు. బూస్టర్ వేయక ముందు ఎలా ఉందో, వేశాక ఎలా ఉందో ఒకే ఆట రెండుసార్లు ఆడి చూపించాలి. ఇదీ బావ ఆలోచనే. రెండోసారి ఆట పరుగెత్తగానే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. ఒకబ్బాయి నన్ను 'మేడమ్' అన్నాడు. బావ వెనక నుంచి "మేడమ్ గారూ, టీ తాగుతారేటి?" అని ఏడిపించాడు. ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఈ రోజు నాన్నని విజయనగరం తీసుకెళ్ళాల్సింది. ఆదివారమే షాపుకి జనం ఎక్కువ, బావ రమ్మన్నాడు. "వచ్చే వారం ఎల్దాంలే, నా సెయ్యి ఎక్కడికి పోతాది?" అని నాన్నే అన్నాడు.

13 సెప్టెంబర్

ఈ వారమూ కుదర్లేదు. మేడమ్‌కి ఫోన్ చేసి ఇంట్లోనే వ్యాయామాలు చేయిస్తున్నానని చెప్పాను. చేస్తూనే ఉంటాడు, బంతి ఉంది కదా.

27 సెప్టెంబర్

అమ్మతో గొడవ పడ్డాను.

అన్నాలు తింటుంటే అమ్మ అంది, "మీ నాన్న సెయ్యి మడత పడిపోతందే. సూసినావా? మునుపు కంచం పట్టుకునీవోడు. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని కూకుంటన్నాడు. ఆ ఆటేదో ఆడించరాదేటి?"

"ఆయనకే విసుగొచ్చింది. నానేటి సెయ్యను?"

"దగ్గర కూకోబెట్టి..."

"పొద్దుటేల ఎల్లి పొద్దుపోయినాక వస్తన్నాను. ఇంటికాడ ఉన్నోలు సూసుకోలేరేటి?"

ఇంటికాడ ఎవరున్నారు? అమ్మ ఎండలో బజార్లో చేపలు అమ్మి వస్తుంది. ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ తట్టలేదు. నాన్న కుడిచేత్తో అన్నం కలుపుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

అయినా నేనేం తప్పన్నాను?

11 అక్టోబర్

నాన్న విసుగు పోగొట్టడానికి కొత్త లారీ ఆట ఎక్కించాను. కొండలు, వాన, అద్దాల మీద నీళ్ళు తుడిచే పుల్లలు, అన్నీ ఉన్నాయి. ఇలాంటిది మా పాత కంప్యూటర్లో నడపడం మాటలు కాదు. బావే ఆశ్చర్యపోయాడు.

నాన్న వచ్చి చూశాడు. "సానా బాగున్నాది" అన్నాడు. కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

మనసు కష్టమనిపించింది. ఇంత కష్టపడితే ఒక్కసారి కూర్చోకూడదా?

18 అక్టోబర్

మేడమ్ నుంచి ఫోన్. షాపులో ఉన్నాను, ఎత్తలేదు.

25 అక్టోబర్

ఈ పేజీ రాయాలని లేదు. రాయకపోతే రేపటికి మళ్ళీ ఏదో ఒకటి చెప్పుకుంటాను.

యుగంధర్ అని ఒక కుర్రాడు వాళ్ళింటి పాత కంప్యూటర్ తెచ్చాడు. మా ఇంట్లోదాని లాంటిదే. ముందు, తర్వాత తేడా చూపించాలి కదా, నా దగ్గరున్న ఆ పాత లారీ ఆటే ఎక్కించి బూస్టర్ లేకుండా మొదలుపెట్టాను. అంతలో వేరే కస్టమర్ ఫోన్ చేశాడు. కుడిచేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని ఎడం చేత్తో కీలు నొక్కుతూ ఆడాను. లారీ నింపాదిగా మలుపు దగ్గరికి వచ్చింది. ఎంత ఆలస్యంగా నొక్కినా ఆగి, నా వేలు కోసం చూసినట్టు చూసి, తిరిగింది.

యుగంధర్ నవ్వాడు. "ఏటండీ ఇది, ముసలోడు తోలినట్టున్నాది!"

బూస్టర్ వేశాను. ఫోన్ ఇంకా అవ్వలేదు. మళ్ళీ ఎడం చేత్తోనే ఆడాను. మలుపు వచ్చేసింది. నా వేలు కదిలేలోపే లారీ గోడని కొట్టింది. మళ్ళీ ఆడాను. మళ్ళీ అదే గోడ, అదే చోట.

నాది జబ్బు పడని చెయ్యి.

ఫోన్లో అవతలివాడు హలో, హలో అంటున్నాడు. బావ లోపల్నుంచి "ఏటైందే?" అన్నాడు. ఏం లేదన్నాను. యుగంధర్ కంప్యూటర్ పూర్తిచేసి ఇచ్చాను. చాలా బాగుందన్నాడు.

నాన్నకి విసుగు రాలేదు. నేను స్పీడు పెంచిన రోజు నుంచే నాన్న ఆడలేదు. ఆగస్టు పేజీలు తిప్పి చూస్తే అంతా నా చేత్తోనే రాసి ఉంది. తలనొప్పట. ఉక్కట.

26 అక్టోబర్

షాపుకి వెళ్ళలేదు. అమ్మ బజారుకి వెళ్ళాక కంప్యూటర్ విప్పి ర్యామ్ ముక్క తీసేశాను. బూస్టర్లన్నీ తీసేశాను, ఆపినవన్నీ మళ్ళీ పెట్టాను. లారీ మళ్ళీ జీడిపాకంలో పడింది. అప్పుడు నాన్నని పిలిచాను. ఏమీ ఎరగనట్టు పిలిచాను.

"నాన్నా, ఒకసారి ఆడు. నా కోసం."

వచ్చి కూర్చున్నాడు. కుడిచేత్తో ఎడం చెయ్యి ఎత్తి కీల మీద పెట్టాడు. వేళ్ళు విచ్చుకోలేదు. ఇన్నాళ్ళూ నేను ఆ చెయ్యి సరిగా చూడనే లేదు. పిడికిలి అంచుతో కీ నొక్కాడు. లారీ కదిలింది. నాలుగు స్తంభాలు దాటేదాకా చూసి, చెయ్యి తీసేశాడు.

"మళ్ళీ నెమ్మది సేసేసినావా?"

"నెమ్మదని నీకు తెలుసా?" అన్నాను.

"తెలీదేటి? లారీ మీటరు ముల్లేమో అరవై సూపిస్తాది. పక్కన సెట్లేమో ఎద్దుబండి మీంచి సూసినట్టు పోతాయి. బండి తోలినోణ్ణి, నాకు తెలీదేటే? మొదట్రోజే తెలిసింది."

"మరి ఆడేవు గదా?"

"నా సెయ్యీ నెమ్మదే, అదీ నెమ్మదే. సరిపోయింది. దాంతోపాటు పోగా పోగా సెయ్యి దారికొస్తాదనుకున్నాను. అప్పుడు కొంత వచ్చింది కూడాను."

"నాను స్పీడు పెంచినప్పుడు వద్దని ఒక్క మాట సెప్పలేదేటి నాన్నా?"

బయట ఎవరో సైకిల్ మీద అరటికాయలు అరుచుకుంటూ పోయారు.

"ఆ రోజు నీ మొకం నువ్వు సూసుకోలేదు. సదువైపోయిన కాణ్ణుంచి ఓ మూల కూకునీదానివి. ఆ రోజు గెంతుకుంటూ వచ్చి నా సెయ్యి పట్టుకుని లాగేవు. అంత సంబరంగా ఉన్నదానికి, తీసెయ్యవే అని ఎలగ సెప్పను?"

"సెప్తే తీసేద్దును గదా! ఒక్క నిమిషం పని!"

"ఊరుకో. ఏడవకు." కుడిచెయ్యి నా తల మీద పెట్టాడు. "ఇంకోటి కూడా ఉన్నాది. రోడ్డు మీద బళ్ళు నువ్వు పెంచినట్టే పోతాయి. ఆ పరుగు నా సెయ్యి అందుకోదని సూసుకున్నాను. అది తెలిసినాక బంతి నొక్కబుద్ధి కాలేదు. అది నీ తప్పు కాదు."

నా తప్పు కాదని నాన్న అన్నాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నమ్మాలని చూస్తున్నాను.

27 అక్టోబర్

నిన్న షాపుకి ఎందుకు రాలేదో బావకి చెప్పాను. "ఆటే గదే. దానికోసం ఎవులైనా పని మానుకుంటారేటి?" అన్నాడు. చెడ్డవాడు కాదు. అర్థం చేసుకోవాలని చూశాడు, కాలేదు.

మధ్యాహ్నం ముగ్గురు కస్టమర్లు వచ్చారు. లారీ ఆటతోనే ముందు, తర్వాత చూపించాను. కుడిచేత్తో ఆడాను.

1 నవంబర్

విజయనగరం. మేడమ్ నాన్న వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూశారు. నాన్న పళ్ళు బిగబట్టాడు. నా వైపు తిరిగి, "ఇంట్లో చేయిస్తున్నానన్నావు కదమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నాన్న అడ్డొచ్చాడు. "పిల్ల సేయించింది మేడమ్ గారూ. నానే ఎగ్గొట్టేను."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలట. కొంత వస్తుందట. ఆగస్టులో అనుకున్నంత రాదట. వేళ్ళు ముడుచుకోకుండా కట్టుకునే చెక్క ఒకటి ఇచ్చారు.

బయటికి వచ్చాక నేను మేడమ్ దగ్గరికి ఒక్కదాన్నే తిరిగి వెళ్ళి, ఎగ్గొట్టింది నాన్న కాదని చెప్పాను. ఆవిడ తల ఊపి, ఆదివారాలు తప్పకుండా రమ్మన్నారు.

8 నవంబర్

ఆదివారాలు షాపుకి రానని బావకి చెప్పేశాను. సరేనన్నాడు, ముఖం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. మేడమ్ అని ఏడిపించడం మానేశాడు.

నాన్న ఆట ఆడనంటున్నాడు. నెమ్మదిగా ఉన్నదీ వద్దు, స్పీడుగా ఉన్నదీ వద్దు. బంతి మాత్రం నొక్కుతున్నాడు, నేను ఎదురుగా కూర్చుంటేనే. నేను చూడాలని నొక్కుతున్నాడని తెలుస్తోంది.

22 నవంబర్

కార్తీకం వచ్చింది. బండి అమ్మేశాం.

నరసింగరావే కొనుక్కున్నాడు. అమ్మ చాలా ఏడ్చింది. నాన్న ఏడవలేదు. బండి చుట్టూ తిరిగి, బ్రేకు కొంచెం ఎడమ వైపు లాగుతుందనీ, వానలో బొబ్బిలి రోడ్డు మీద జాగ్రత్తనీ నరసింగరావుకి చెప్పాడు. "అలగే అసిరయ్యన్నా, అలగే" అంటూ అతను చేతులు కట్టుకుని విన్నాడు. బండి సందు మలుపు తిరిగేదాకా నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాత లోపలికి వచ్చి నన్ను అడిగాడు, "షాపుకి టైమవలేదేటే?"

29 నవంబర్

రాయడానికేం లేదు. బంతి, చెక్క, నూనె మర్దనా.

6 డిసెంబర్

అమ్మకి క్షమాపణ చెప్పాను, ఆ రోజు అన్నం దగ్గర అన్నదానికి. "ఎప్పుడన్నావే?" అంది. మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించింది. ఇంట్లో ఇద్దరూ ఇంతే, నా వైపు నిలబడతారు. ఎదురు నిలబడి ఒక్కరైనా గట్టిగా నాలుగు తిట్టి ఉంటే నాకు ఆగస్టులోనే తెలిసేది. లేదు, తెలిసేది కాదు. అమ్మ చెప్పింది కదా, నేనేం విన్నాను?

13 డిసెంబర్

విజయనగరం వెళ్ళాం. బస్సులో డ్రైవర్ వెనక సీటు దొరికింది. నాన్న కిటికీ వైపు, నేను పక్కన. చీపురుపల్లి దాటాక నాన్నకి కునుకు పట్టినట్టుంది, కళ్ళు మూసుకున్నాడు.

రోడ్డు బాగోలేదు. డ్రైవర్ మాటిమాటికీ గేరు మారుస్తున్నాడు. ఇంజన్ చప్పుడు మారుతున్న ప్రతిసారీ, తొడ మీద నాన్న ఎడం చెయ్యి కూడా కదులుతోంది. నిద్రలోనే. ముందుకి, వెనక్కి. చూపుడు వేలూ మధ్య వేలూ విచ్చుకుని, లేని గేరు రాడ్డు పట్టుకోబోతున్నాయి.

మిగతా వేళ్ళు కదల్లేదు. విజయనగరం వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను, కదల్లేదు.